ఓరుగల్లు ఎండకు లెక్క కట్టినవాళ్ళు

2015 సెప్టెంబరులో, పవర్ ఎలక్ట్రానిక్స్ రంగంలో ప్రపంచమంతా చదివే ఒక ఐఈఈఈ పత్రికలో వరంగల్ నిట్ నుంచి వెళ్ళిన వ్యాసం ఒకటి అచ్చయింది. రాసిన నలుగురిలో సచిన్ జైన్, వి.టి. సోమశేఖర్ ఉన్నారు. వ్యాసం పేరు చాంతాడంత. లోపల సమీకరణాలు, తరంగాల బొమ్మలు. అవన్నీ పక్కన పెట్టి చూస్తే మాత్రం విషయం పరకాలలోనో నర్సంపేటలోనో బావి దగ్గర కూర్చున్న ఏ రైతుకైనా ఇట్టే తెలిసేదే. సోలార్ పలకలతో నీళ్ళ మోటారు నడపాలి. మధ్యలో పెట్టెలు ఎన్ని తగ్గితే అంత మంచిది. ఎండ ఎంత ఉంటే అన్ని నీళ్ళు పొయ్యాలి, మబ్బు పట్టినా మోటారు మొండికెయ్యకూడదు.

తెలుగు నేల మీద సోలార్ చరిత్ర చెప్పేవాళ్ళు మెగావాట్ల లెక్కతో మొదలుపెడతారు. 2017లో నడక మొదలుపెట్టిన కర్నూలు వెయ్యి మెగావాట్ల పార్కు, పాలమూరు బీడు భూముల్లో వరసలు తీరిన ప్లాంట్లు, రామగుండం చెరువు మీద తేలే పలకలు. ఆ లెక్కలో వరంగల్‌కు దక్కేది కొద్దిపాటి చోటే. కానీ ఈ ఊరికి ఇంకో చరిత్ర ఉంది. ఇక్కడ సూర్యుడు డాబా మీదికి రాకముందే కాగితం మీదికి వచ్చాడు, కాగితం మీంచి కంప్యూటర్‌లోకి, అక్కడి నుంచి ప్రయోగశాల బల్ల మీదికి. ఆ బల్ల మీంచి బావి దాకా వెళ్ళే దారే అన్నిటికన్నా పొడవైంది. అడ్డం పడింది సాంకేతిక విద్యా కాదు, ఎండా కాదు.

1959లో రెండు పనులు జరిగాయి. ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు పుట్టింది. అక్టోబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ వచ్చి కాజీపేట దగ్గర రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీకి శంకుస్థాపన చేశారు. దేశంలో ఆ వరసలో పుట్టిన కాలేజీల్లో అదే మొదటిది. రెండో పంచవర్ష ప్రణాళికకు ఇంజినీర్ల కరువు వచ్చిపడింది. కేంద్రం, రాష్ట్రం కలసి కాలేజీ పెట్టి, సగం సీట్లు సొంత రాష్ట్రానికి, సగం బయటి రాష్ట్రాలకు పంచాలన్నది ఏర్పాటు. ఎలక్ట్రికల్ విభాగం కాలేజీతో పాటే మొదలైంది. బోర్డుకు స్తంభాలు పాతేవాళ్ళు, సబ్‌స్టేషన్లు నడిపేవాళ్ళు కావాలి. కాలేజీ వాళ్ళను తయారుచేసింది. జనం నోట్లో ఆర్‌ఈసీగా నానిన ఆ కాలేజీ 2002లో నిట్ అయినా, కాజీపేట ఆటోవాళ్ళకు చాలాకాలం ఆర్‌ఈసీయే.

అప్పటికి సోలార్ సెల్ వయసు అయిదేళ్ళు. 1954 ఏప్రిల్‌లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు సిలికాన్ సెల్‌ను లోకానికి చూపించారు. పడిన వెలుగులో 6 శాతాన్ని అది కరెంటు చేసింది. 1958 మార్చిలో వాన్‌గార్డ్-1 అనే బుల్లి ఉపగ్రహం ఆ సెల్‌లను మోసుకుని ఆకాశానికెక్కింది. భూమ్మీద వాటిని కొనే తాహతు ఎవరికీ లేదు. 1977 నాటికి కూడా ఒక్క వాట్‌కు 70 డాలర్లకు పైనే పలికేది. అదే ఏడాది సాహిబాబాద్‌లోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ మన దేశపు మొదటి సోలార్ సెల్ తయారుచేసింది, మరుసటి ఏడాది పలక.

అంతకు రెండేళ్ళ ముందే భారతదేశం సోలార్‌తో ఒక పాఠం నేర్చుకుంది. 1975 ఏప్రిల్ 19న ఎగిరిన ఆర్యభట్ట ఒంటి నిండా సోలార్ పలకలే. అన్నీ కలిపి 46 వాట్లు. కక్ష్యలోకి చేరిన నాలుగైదు రోజులకే విద్యుత్ సరఫరాలో లోపం వచ్చి ప్రయోగాలు ఆగిపోయాయి. పలక కరెంటు పుట్టించడం ఒక ఎత్తు, ఆ కరెంటును అదుపులో పెట్టి చెప్పినట్టు వినేలా చెయ్యడం ఇంకో ఎత్తు. ఈ రెండో ఎత్తే తర్వాత రోజుల్లో ఎలక్ట్రికల్ ఇంజినీర్ల వంతుకు వచ్చింది.

కానీ వరంగల్‌కు అది రావడానికి ఇంకా పాతికేళ్ళు పట్టింది. చుట్టూ ఉన్నది బొగ్గు. ఉత్తరాన సింగరేణి గనులు, రామగుండంలో 1971 నుంచి 62.5 మెగావాట్ల స్టేషన్, 1978లో శంకుస్థాపన జరిగి 1983లో కరెంటు మొదలుపెట్టిన ఎన్టీపీసీ. కాజీపేట జంక్షన్‌లో నిలబడితే బొగ్గు వ్యాగన్లు పోతూనే ఉండేవి. అలాంటి చోట కుర్రవాడు టర్బైన్, జనరేటర్, ట్రాన్స్‌ఫార్మర్ చదువుకుంటాడు గానీ వాట్‌కు డెబ్బై డాలర్ల వస్తువును ఎందుకు చదువుతాడు?

విచిత్రమేమిటంటే, ఆ బొగ్గు కాలపు చదువే సోలార్‌కు అక్కరకొచ్చింది.

పలకను లెక్కలోకి దించాలంటే ఇంజినీర్లు దాని స్థానంలో ఒక చిన్న సర్క్యూట్ గీస్తారు. ఎండ పడితే కరెంటు ఇచ్చే ఊట ఒకటి. దానికి అడ్డంగా ఒక డయోడ్, లోపలి నష్టాలకు గుర్తుగా రెండు నిరోధాలు. డయోడ్ సమీకరణం 1949లో షాక్లీ రాసిపెట్టిందే. అంతా కలిపితే ఒక్క వరుసలో ఇమిడే సూత్రం. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, మనకు కావలసిన కరెంటు సమానపు గుర్తుకు రెండు వైపులా ఉంటుంది, పైగా ఒకవైపు ఘాతంలో ఎక్కి కూర్చుంటుంది. మామూలు బీజగణితంతో దాన్ని కిందికి దించలేం. ఒక అంకె ఊహించి, తప్పెంతో చూసి, సవరించి, మళ్ళీ వేసి, ఇలా తిప్పుతూ పోవాలి. దీనికి న్యూటన్-రాఫ్సన్ పద్ధతి వాడతారు. సరిగ్గా ఈ పద్ధతితోనే 1960ల చివరి నుంచి గ్రిడ్‌లో ఏ లైన్‌లో ఎంత కరెంటు పారుతుందో లెక్కకట్టడం ప్రపంచమంతా అలవాటైంది. ఎలక్ట్రికల్ కాలేజీల్లో లోడ్ ఫ్లో పాఠమంటే అదే. ఆ పాఠం చెప్పి చెప్పి చెయ్యి తిరిగిన మాస్టార్లకు సోలార్ సమీకరణం పాత చుట్టమే.

ఇక కంప్యూటర్ సంగతి. 1984లో మ్యాట్‌ల్యాబ్ బజారుకొచ్చింది. 1990ల చివర్లో కెనడాలోని హైడ్రో-క్విబెక్ వాళ్ళ చలవతో అందులో మోటార్లు, ఇన్వర్టర్లు, గ్రిడ్ లైన్లు గీసుకునే సదుపాయం చేరింది. తెలుగు నాట ఇంజినీరింగ్ కాలేజీలు వెల్లువెత్తిన కాలమూ అదే. వరంగల్‌లోనే 1980 నాటి కిట్స్‌కు తోడు 2000 తర్వాత ప్రైవేటు కాలేజీలు వరసకట్టాయి. ప్రతిచోటా ఎం.టెక్. పెట్టారు, ప్రతి ఎం.టెక్. విద్యార్థికీ ప్రాజెక్టు కావాలి. పలకలు కొనే డబ్బు ఏ విభాగంలోనూ లేదు. మానిటర్ మీద పలక గీసుకుంటే పైసా ఖర్చు లేదు. 2010 జనవరిలో జాతీయ సోలార్ మిషన్ 20,000 మెగావాట్ల లక్ష్యంతో మొదలయ్యేసరికి ఈ ఊపు రెట్టింపైంది.

ఆ ప్రాజెక్టు పుస్తకాలు తిరగేసినవారికి ఒక జపాన్ పలక కళ్ళముందు కదులుతుంది. క్యోసెరా కంపెనీ కేసీ200జీటీ. దాని వెనక ఉన్నది 2009లో బ్రెజిల్‌లోని కాంపినాస్ విశ్వవిద్యాలయం నుంచి మార్సెలో విలాల్వా, ఆయన సహచరులు రాసిన వ్యాసం. పలక వెనక అంటించిన చీటీలోని నాలుగైదు అంకెలతోనే సర్క్యూట్‌లోని అన్ని విలువలూ రాబట్టే పద్ధతిని వాళ్ళు విప్పి చెప్పారు, ఉదాహరణగా ఆ పలకను తీసుకున్నారు. 54 సెల్‌లు, 200 వాట్లు, తెరిచి ఉంచితే 32.9 వోల్టులు, కలిపేస్తే 8.21 ఆంపియర్లు, మధ్యలో 26.3 వోల్టుల దగ్గర శక్తి శిఖరం. ఆ పలకను ఎన్నడూ తాకని వేలమందికి ఈ అంకెలు కంఠతా వచ్చాయి.

దీన్ని వెక్కిరించేవాళ్ళు ఉన్నారు, కొంత న్యాయమూ ఉంది. ఒకే పలక, ఒకే సిమ్యులేషన్, పేర్లు మార్చిన ప్రాజెక్టులు. అయినా చీటీలో అంకెలు 25 డిగ్రీల సెల్ వేడికి రాసినవన్న సంగతి తెలుసుకుని, మానిటర్ మీద ఒక్కసారి వరంగల్ మే నెలను దించినవాడికి అసలు విషయం బోధపడుతుంది. బయట 43 డిగ్రీలు. మంచి ఎండలో పలక గాలికన్నా 25 నుంచి 30 డిగ్రీలు ఎక్కువ కాగుతుంది. అంటే సెల్ దగ్గర 70. పెరిగిన ప్రతి డిగ్రీకీ ఆ పలక 0.123 వోల్టు పోగొట్టుకుంటుంది. 45 డిగ్రీలకు ఐదున్నర వోల్టులు గల్లంతు. చేతికొచ్చే శక్తిలో సుమారు ఐదో వంతు ఆవిరి. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందనుకునేవారికి ఇది మింగుడుపడదు. రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నం కన్నా, వానలు వెలిసి ఆకాశం కడిగినట్టున్న చల్లటి పూటే పలకకు ఇష్టం.

ఇంకో తిరకాసు ఉంది. ఆ శిఖరం ఒకచోట నిలవదు. మబ్బు పోతే ఒకచోట, వేడెక్కితే ఇంకోచోట. పలకను ఎప్పుడూ శిఖరం మీదే ఉంచే పనిని గరిష్ఠ శక్తి బిందువును వెంబడించడం అంటారు. ప్రయోగశాలల్లో అందరూ పొట్టిగా ఎంపీపీటీ అనేస్తారు. 1968లోనే బోరింగర్ అనే జర్మన్ ఇంజినీరు అంతరిక్ష నౌకల కోసం దీన్ని రాశాడు. అందరికీ తెలిసిన పద్ధతి మాత్రం చాలా మొరటుది: వోల్టేజీని కొంచెం కదిలించు, శక్తి పెరిగిందా అటే పో, తగ్గిందా వెనక్కి తిరుగు. కళ్ళకు గంతలు కట్టుకుని హనుమకొండ పద్మాక్షి గుట్ట ఎక్కేవాడు చేసేదీ ఇదే. పాదం కింద నేల లేస్తుంటే ముందుకు, దిగుతుంటే వెనక్కి. పైకి చేరాక కూడా గంతలు విప్పడు కనుక శిఖరం చుట్టూ అటూ ఇటూ అడుగులు వేస్తూనే ఉంటాడు. పలకల వరసలో సగం మీద చెట్టు నీడ పడితే ఒకటికి రెండు శిఖరాలు లేస్తాయి; గంతలవాడు దారిలో ఉన్న బండరాయినే గుట్ట అనుకుని అక్కడే ఆగిపోతాడు.

1995లో హుస్సేన్, ఆయన సహచరులు వాలును లెక్కగట్టి అడుగువేసే మెరుగైన పద్ధతి ప్రకటించారు. 2007కల్లా ఎస్రమ్, చాప్‌మన్ అనే ఇద్దరు లెక్కిస్తే కనీసం 19 పద్ధతులు తేలాయి. ఇందులో మనవాళ్ళ వాటా కూడా ఉంది. 2004లో ఐఐటీ బొంబాయిలో సచిన్ జైన్, వివేక్ అగర్వాల్ బీటా అనే చలరాశి ఒకటి కనిపెట్టారు. పలక కరెంటునూ వోల్టేజీనీ అందులో వేస్తే శిఖరం దగ్గర్లో ఉన్నామా, దూరంగా ఉన్నామా అన్నది తేలిపోతుంది. దూరంగా ఉంటే పెద్ద గెంతు, దగ్గరైతే చిన్న అడుగులు. ఆ సచిన్ జైన్ తర్వాత వరంగల్ వచ్చి చేరారు. ఇక్కడ అప్పటికే వి.టి. సోమశేఖర్ ఇంకో పనిలో తలమునకలుగా ఉన్నారు. ఆ పని మోటార్లది.

ఇక్కడ కాసేపు ప్రయోగశాల వదిలి వైండింగ్ షాపులోకి రావాలి.

వరంగల్ జిల్లా చెరువుల జిల్లా. పాకాల, రామప్ప, లక్నవరం అన్నీ కాకతీయుల నాటివి. కానీ 1980ల తర్వాత సేద్యం బావిలోకి, బావి నుంచి బోరులోకి దిగింది. కరెంటు విడతలు విడతలుగా వచ్చేది, ఎక్కువగా రాత్రిపూట. వోల్టేజీ కూలబడి మోటారు కాలేది. యాసంగి వస్తే వైండింగ్ షాపు ముందు కాలిన మోటార్లు బారులు తీరేవి. మేస్త్రీ మాడిన తీగ పీకి, గాళ్ళలో కొత్త కాగితం దోపి, రాగి తీగ చుట్టలు దించి, వార్నిష్ పోసి, చివరికి కొసలు బయటికి లాగుతాడు. మూడు ఫేజుల మోటారుకు మూడు చుట్లు, ఒక్కో చుట్టుకు రెండు కొసలు, మొత్తం ఆరు. చిన్న మోటారైతే మూడు కొసలను లోపలే ముడివేసి మూడే బయటికి ఇస్తాడు. స్టార్-డెల్టా స్టార్టర్‌తో నడిచే పెద్ద మోటారుకు ఆరూ బయట ఉండాల్సిందే.

రైతు కూడా తనకు తోచిన అదుపు విద్య తాను పట్టాడు. అర్ధరాత్రి కరెంటు వస్తే బావి దాకా నడిచి స్టార్టర్ నొక్కడం పాములతో, తడి తీగలతో చెలగాటం. అందుకే ఆటో స్టార్టర్ వచ్చింది: కరెంటు రాగానే దానంతటదే మోటారు ఎత్తుకుంటుంది. ఇంజినీరింగ్ చరిత్ర రాసేవాళ్ళు దీన్ని ఎందుకో పట్టించుకోరు. ఉత్తర తెలంగాణలో అత్యధిక జనం వాడిన ఆటోమేటిక్ కంట్రోల్ పరికరం ఏదంటే, నిస్సందేహంగా అదే.

ఆ ఆరు కొసల దగ్గరే సోమశేఖర్ పరిశోధన నిలబడి ఉంది. కొసలను ముడివెయ్యకుండా వదిలేసి, మోటారుకు ఒక్కో వైపునా ఒక్కో ఇన్వర్టర్ పెడితే ఏమవుతుందన్న ఆలోచన జ్యూరిక్‌కు చెందిన స్టెమ్లర్, ఆయన సహచరుడు 1993లో వినిపించిందే. బెంగళూరు ఐఐఎస్సీ ఆచార్యుడు కె. గోపకుమార్, సోమశేఖర్, మరికొందరు కలసి దాన్ని ముందుకు తీసుకుపోయి 2005లో ఒక వ్యాసం వేశారు. రెండు మామూలు ఇన్వర్టర్లు చెరోవైపు నుంచి లాగితే మోటారుకు అందే వోల్టేజీ మెట్లు మూడంచెల ఖరీదైన ఇన్వర్టర్ ఇచ్చినట్టే ఉంటాయి, దానికి కావలసిన డీసీ వోల్టేజీ సగానికి తగ్గుతుంది.

సగం ఎందుకు గొప్ప? 415 వోల్టుల మోటారును ఒకే ఇన్వర్టర్‌తో నడపాలంటే వెనక దాదాపు 590 వోల్టుల డీసీ కావాలి. ఒక్కోటి 26 వోల్టులిచ్చే పలకలు 23 వరసగా గుచ్చాలి. వరంగల్ ఎండలో పలక 20 వోల్టులకు దిగితే 30. దండలో ఒక్క పలక మీద కాకి రెట్ట వేసినా, కొబ్బరి మట్ట నీడ పడినా వరస మొత్తం కుంటుతుంది. సగం వోల్టేజీ చాలనుకుంటే వరస పొట్టిదవుతుంది, నీడ దెబ్బ చిన్నదవుతుంది, కెపాసిటర్లూ స్విచ్‌లూ చవకవి సరిపోతాయి.

2015 వ్యాసంలో శిఖరం వెంబడించే విద్య, ఆరు కొసల విద్య ఒక్కచోట కలిశాయి. మామూలు సోలార్ పంపులో పలక తర్వాత ఒక కన్వర్టర్ ఉంటుంది, అది శిఖరాన్ని వెతుకుతుంది. దాని తర్వాత ఇన్వర్టర్, అది మోటారును తిప్పుతుంది. వరంగల్ వాళ్ళు మధ్య పెట్టెను పీకేశారు. మోటారు వేగాన్నే పెంచుతూ తగ్గిస్తూ శిఖరాన్ని వెతికారు. ఎండ పెరిగితే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, దాంతో పాటే వోల్టేజీ. వేగం కొలిచే మీటరు లేదు, మోటారు కరెంటు కొలిచే సెన్సరూ లేదు; పలక వోల్టేజీ, పలక కరెంటు, ఈ రెండే కొలుస్తారు. మరుసటి ఏడాది ఇదే దారిలో ఇంకో వ్యాసం వచ్చింది.

ఇది నీళ్ళ పంపుకే ఎందుకు అతుకుతుందంటే, పంపు లాగే శక్తి వేగం ఘనంతో పోతుంది. ఎండ సగానికి పడిపోతే మోటారు సగం వేగానికి పడదు, 79 శాతం దగ్గర ఆగుతుంది. నాలుగో వంతు ఎండకు కూడా 63 శాతం వేగం దక్కుతుంది. అయితే బోరు లోతు ఎక్కువైతే ఆ వేగానికి నీరు పైదాకా రాకపోవచ్చు. పంపు తిరుగుతూనే ఉంటుంది, పైపు పొడిగా ఉంటుంది. కాగితం మీద అందంగా ఉన్న పొద్దుటి ఎండ లోతు బోరు దగ్గర వట్టిపోయేది ఇక్కడే.

అయినా ఈ విద్యకు అడ్డం నిలిచింది బోరు లోతు కాదు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద ఉద్యమించినవారిపై పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. ఆ తర్వాత తెలుగు రాజకీయాల్లో వ్యవసాయ కరెంటుకు ధర అన్న మాటే నోరెత్తలేని మాటైంది. 2004 మేలో ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పడింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 23 లక్షలకు పైగా పంపుసెట్లకు 24 గంటలూ ఉచితంగా కరెంటు. విచిత్రంగా, అప్పటిదాకా ఇంటిదేవుడైన ఆటో స్టార్టర్‌ను తీసెయ్యమని ప్రభుత్వమే రైతులను బతిమాలాల్సి వచ్చింది. ఇరవై నాలుగు గంటలూ కరెంటుంటే ఆ స్టార్టర్ ఇరవై నాలుగు గంటలూ నీళ్ళు తోడేస్తుంది. ఇలాంటి చోట లక్షలు పోసి సోలార్ పంపు కొనేదెవరు? 2019లో వచ్చిన కేంద్ర కుసుమ్ పథకం పంపులు రాజస్థాన్, మహారాష్ట్రల వైపు పరుగెత్తడానికి, ఇటు తడబడడానికి సగం కారణం ఇదే. పరిశోధన చెడ్డదై కాదు, కరెంటు ఉచితమై సోలార్ పంపుకు బజారు లేకపోయింది.

సోలార్ మాత్రం ఆగలేదు, వేరే దారిన వచ్చింది. తెలంగాణ వచ్చాక రాష్ట్రం ఒకే చోట మహా పార్కు కట్టే బదులు, చిన్నచిన్న ప్లాంట్లను పల్లె సబ్‌స్టేషన్లకు కలిపే పద్ధతి ఎంచుకుంది. 2015 నాటి 2000 మెగావాట్ల టెండరు అలాంటిదే. ఖరీదైన పొడుగు లైన్లు తప్పాయి; పగటిపూట మోటార్ల కరెంటు పక్క ఊళ్ళోనే పుడుతుంది. కానీ 33/11 కేవీ సబ్‌స్టేషన్ కట్టినవాడు కరెంటు పైనుంచి కిందికి పారుతుందనే కట్టాడు. వానాకాలం మధ్యాహ్నం, మోటార్లన్నీ ఆగి, మబ్బు తొలగి ఎండ కాసిందంటే పారకం తిరగబడుతుంది, వోల్టేజీ లేస్తుంది. అప్పుడు ఇన్వర్టర్ తనంత తాను రియాక్టివ్ శక్తిని పీల్చుకుని వోల్టేజీని దించాలి. లైన్‌లో ఎక్కడో షార్ట్ అయి ఒక్క క్షణం వోల్టేజీ పడితే, బెదిరి పక్కకు తప్పుకోకుండా పట్టుకుని నిలవాలి.

ఈ వ్యవహారంతో కూడా వరంగల్‌కు సంబంధముంది. 2000 ఏప్రిల్‌లో విద్యుత్ పంపిణీని నాలుగు సంస్థలుగా విడగొట్టినప్పుడు ఉత్తర తెలంగాణ సంస్థ కార్యాలయం ఇక్కడే పెట్టారు. హనుమకొండ నక్కలగుట్టలోని విద్యుత్ భవన్ నుంచి నిట్ గేటుకు ఆటోలో ఇట్టే పోవచ్చు. ఇళ్ళ డాబాల మీద పలకలు లేవడంతో సంస్థ లైన్‌మన్లకు కొత్త భయం పట్టుకుంది. పని మొదలుపెట్టే ముందు లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుంటాడు, ఏబీ స్విచ్ లాగుతాడు, లైన్ చచ్చిందనుకుని స్తంభం ఎక్కుతాడు. కింద ఏదో ఇంటి ఇన్వర్టర్ ఎండ చూసుకుని లైన్‌లోకి కరెంటు తోస్తూ ఉంటే? అందుకే గ్రిడ్ పోగానే రెండు సెకన్లలోపు ఇన్వర్టర్ ఆగిపోవాలన్నది లోకమంతా ఒప్పుకున్న కట్టుబాటు; 2013లో కేంద్ర విద్యుత్ అథారిటీ ఇలాంటి చిన్న ఉత్పత్తిదారులకు ప్రత్యేక నిబంధనలు రాసింది. కరెంటు పోతే తన డాబా మీది సోలార్ కూడా ఎందుకు పనిచెయ్యదని గింజుకునే ఇంటాయనకు జవాబు ఆ స్తంభం మీది మనిషే.

రామగుండం సంగతి చెప్పకపోతే ఈ కథకు బొగ్గు వైపు తలుపు మూసినట్టవుతుంది. 2022 జులై 1 నుంచి ఎన్టీపీసీ వారి అదే బొగ్గు స్టేషన్ జలాశయం మీద, 500 ఎకరాల మేర, 100 మెగావాట్ల సోలార్ తేలుతోంది. బీహెచ్‌ఈఎల్ కట్టింది, 423 కోట్ల ఖర్చు. మొత్తాన్ని 40 ముక్కలు చేశారు. ఒక్కో ముక్కకు 11,200 పలకలు, అంటే అన్నీ కలిపి నాలుగున్నర లక్షలకు కాస్త తక్కువ. ఇన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్, బ్రేకర్ కూడా నీటి మీదే, ఫెర్రో సిమెంటు తెప్పల పైన. తెప్పలను జలాశయం అడుగున దించిన కాంక్రీటు దిమ్మెలకు తాళ్ళతో కట్టారు. పలకల నీడ వల్ల ఏటా 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందని సంస్థ అంచనా. నీటి చల్లదనం పలకకు కూడా మేలే. 70 డిగ్రీల లెక్క వేసినవారికి ఆ మేలెంతో విడమరచి చెప్పనక్కర్లేదు. వరంగల్‌లో చదువుకుని ఒకప్పుడు టర్బైన్ హాలుకు వెళ్ళిన ఇంజినీర్ల వారసులు ఇప్పుడు అదే ఆవరణలో నీటి మీది ఇన్వర్టర్లను తెర మీద చూస్తూ కూర్చునే రోజులొచ్చాయి.

సోలార్ పంపు కూడా చివరికి ఇటు తిరిగింది, ఎవరూ ఊహించని వైపు నుంచి. 2025 మేలో నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో ప్రభుత్వం ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టింది. పోడు పట్టాలున్న 2.10 లక్షల మంది గిరిజన రైతుల 6 లక్షల ఎకరాలకు సోలార్ పంపులు, ఖర్చు 12,600 కోట్లు. ఉచిత కరెంటు అక్కడ అడ్డం రాదు, ఎందుకంటే అడవి అంచున చాలా పోడు భూములకు లైనే చేరలేదు. పాత వరంగల్ జిల్లాలోని ఏటూరునాగారం, తాడ్వాయి, గూడూరు, కొత్తగూడ అలాంటి ఊళ్ళే. అక్కడ చెట్ల నీడ పొద్దునా సాయంత్రం పలకల మీదికి పాకుతుంది. ఒకటికి రెండు శిఖరాల గొడవ, బండరాయి దగ్గర ఆగే గంతలవాడి గొడవ, ఇన్నాళ్ళూ ఎం.టెక్. మానిటర్ల మీద గ్రాఫుగా కనిపించింది ఇక పొలంలో నీళ్ళు తగ్గడంగా కనిపిస్తుంది.

ఇంకో చిక్కు మరమ్మతుది. మోటారు కాలితే ములుగులోనో నర్సంపేటలోనో మేస్త్రీ రెండు రోజుల్లో చుట్టి ఇస్తాడు. పంపు కంట్రోలర్ పెట్టెలో కార్డు పోతే ఆయన చెయ్యగలిగింది లేదు. కంపెనీకి పంపాలి, అది తిరిగొచ్చేలోగా నారు ఎండుతుంది. 2015లో కేంద్రం పెట్టిన సూర్యమిత్ర శిక్షణలో దాదాపు మూడు నెలల్లో పలకలు బిగించడం, తీగలు కలపడం, పాడైన పెట్టెను గుర్తుపట్టి మార్చడం నేర్పుతారు. పెట్టె విప్పి కార్డు బాగుచేసేవాళ్ళను తయారుచెయ్యడానికి ఉమ్మడి జిల్లాలో ఐటీఐలు ఉన్నాయి, పాలిటెక్నిక్‌లు ఉన్నాయి, ముప్ఫై ఏళ్ళుగా ఆరు కొసలతో బతికిన వైండింగ్ మేస్త్రీలు ఉన్నారు. నిట్‌లో అధ్యాపకులకు జరిగే శిక్షణ తరగతుల్లో సగం బల్లలు వాళ్ళకు కేటాయిస్తే, ఆరు కొసల మోటారుకు రెండు వైపులా ఇన్వర్టర్ ఎందుకు పెట్టారో విడమరచి చెప్పడానికి వాళ్ళ దగ్గర ఎక్కువసేపు పట్టదు.